ఇంజను అసలుదేనా? గేర్‌బాక్సు సంగతేమిటి?

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. "సర్వీసంతా తనిఖీ రిపోర్టులు రాసినవాణ్ణి, నాకు వ్యాసాలేం వచ్చు?" అన్నాను. "అయితే ఆ రిపోర్టుల్లో రాయనిదేదో రాయండి" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ నాకు వెంటనే ఒక తెల్ల అంబాసిడరు గుర్తొచ్చింది. 1983లో దాని గురించి నేను రాయవలసినది ఒకటి రాయలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత అదే కారు నా ముందుకొచ్చింది. ఆ సంగతే మిత్రులకు మనవి చేసుకుంటున్నాను. మన శాఖలో బల్ల దగ్గర పనిచేసిన వారికి కూడా తెలిసేలా, ముందు కొంచెం ఇంజన్ల చరిత్ర చెప్పాలి.

యాభై ఏళ్ళు దాటిన కార్లు

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకపు మోటారు సైకిళ్ళు, కార్లు దీని కిందికి వస్తాయి. నెంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వి.ఎ.' అని చేరుతుంది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, ఆ తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. రోజూ బజారుకు తిప్పడానికి మాత్రం వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకువెళ్ళవచ్చు.

ఇందులో ముఖ్యమైన షరతు ఒకటుంది. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. వినడానికి తేలికే. కాని 'అసలు' అంటే ఏమిటో తేల్చడం ఎంత కష్టమో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసిన వాళ్ళకే తెలుస్తుంది.

2022 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లా నుంచి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. 1968లో వాళ్ళ నాన్నగారు కొన్న అంబాసిడరు మార్క్-2 ఉందట. నాన్నగారు పోయారు. కారును వింటేజి కింద రిజిస్టరు చేయించాలని ఆయన కోరిక. హైదరాబాదులో ఒకరు మంచి ధరకు అడుగుతున్నారు గాని, ఇంజను, గేర్‌బాక్సు రెండూ అసలువేనని తెలిసినవాళ్ళ చేత రాయించి తెమ్మన్నారట. "మీ మాటకు ఆఫీసులో విలువ లేకపోవచ్చు సార్, కొనేవాళ్ళకు ఉంటుంది" అన్నాడు. నిజమే, రిటైరైన వాడి సంతకం సర్టిఫికెట్టు కాదు. అయినా వెళ్ళాను. ఊరి పేరు వినగానే నాకు లోపల ఏదో మెదిలింది.

ఏ కారుకు ఏ ఇంజను?

ఇంజను అసలుదా కాదా అని తేల్చాలంటే అసలు ఆ కారు ఏ ఇంజనుతో పుట్టిందో తెలియాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టింది. మొదట గుజరాత్ తీరాన ఓఖా రేవులో కార్లు బిగించేవారు. 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారారు. ఇంగ్లండు మోరిస్ కంపెనీ నమూనాలే వాళ్ళకు ఆధారం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్‌ని ఆధారం చేసుకుని 1954లో ల్యాండ్‌మాస్టర్ తెచ్చారు. మూడో సిరీస్ రూపంలో 1957-58లో అంబాసిడరు వచ్చింది.

రూపం ఇంగ్లండుదే గాని గుండె వేరు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్‌కే కొత్త 'బి సిరీస్' ఇంజను పెట్టారు. ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసిపోయి బి.ఎం.సి. ఏర్పడ్డాక, ఆస్టిన్ వారి ఇంజను మోరిస్ కార్లలోకి వచ్చింది. మన ల్యాండ్‌మాస్టర్‌లో మాత్రం పాత సైడ్ వాల్వ్ ఇంజనునే కొనసాగించారు. దాని పరిమాణం 1476 సి.సి. తొలి అంబాసిడర్లలోనూ అదే. 1959లో గాని 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ బి సిరీస్ ఇంజను అంబాసిడరుకు రాలేదు.

అంటే ఇంగ్లండు పుస్తకం చేతిలో పట్టుకుని మన ల్యాండ్‌మాస్టర్ బానెట్ ఎత్తితే, అసలు ఇంజనును చూసి నకిలీ అని రాసేస్తాం. ఎవరో తర్వాత తెచ్చి పెట్టిన బి సిరీస్ ఇంజనును చూసి అసలుదని మెచ్చుకుంటాం. రెండూ తప్పే.

వీటిని గుర్తుపట్టడానికి నెంబరు దాకా వెళ్ళనక్కర్లేదు. సైడ్ వాల్వ్ ఇంజనుకు వాల్వులు బ్లాకులోనే పక్కన ఉంటాయి. పైన హెడ్ చదునుగా పలకలా ఉంటుంది, టాపెట్ కవరు ఉండదు. బి సిరీస్‌కు పైన రేకు టాపెట్ కవరు ఉంటుంది. డ్రైవరు సీట్లోంచి చూస్తే కార్బురేటరు, ఎగ్జాస్టు ఎడమవైపు, ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు కుడివైపు ఉంటాయి. 1980 ప్రాంతంలో కంపెనీవారే 1489 సి.సి. డీజిల్ ఇంజను పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో జపాను ఇసుజు కంపెనీ నమూనా 1817 సి.సి. పెట్రోలు ఇంజను, దానితో అయిదు గేర్ల గేర్‌బాక్సు వచ్చాయి. అంతకుముందు అంబాసిడరుకు నాలుగు గేర్లే. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది, మొదటి గేరుకు సింక్రోమెష్ ఉండేది కాదు. బండి కదులుతుండగా మొదటి గేరు వేస్తే కరకరమని అరిచేది, మన జీపు డ్రైవర్లకు అందరికీ ఆ సంగీతం పరిచయమే.

2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. ఇంతకాలం దాదాపు ఒకే ఆకారంలో తయారైన కారు కావడంతో పాతదాని భాగం కొత్తదానికి, కొత్తదానిది పాతదానికి తేలిగ్గా పట్టేది. అదే దాని బలం. అసలుతనం వెతికేవాడికి అదే చిక్కు.

ఆర్.సి. పుస్తకం చెప్పేది, చెప్పనిది

మనందరికీ తెలిసినదే. ఆర్.సి. పుస్తకంలో ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు, సి.సి., సీట్లు, రంగు, ఖాళీ బండి బరువు ఉంటాయి. గేర్‌బాక్సు నెంబరుకు అందులో గడి లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చట్టం దృష్టిలో గేర్‌బాక్సుకు పేరూ ఊరూ లేదన్నమాట.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ 1960ల చివరికల్లా జనరల్ మోటార్స్ వంటి కంపెనీలు కారు వరుస నెంబరులో కొంత భాగాన్ని ఇంజను మీద, గేర్‌బాక్సు మీద కూడా పంచ్ కొట్టడం మొదలుపెట్టాయి. మూడూ కలిస్తే 'మ్యాచింగ్ నెంబర్స్' కారు అంటారు. ధర ఎన్నో రెట్లు పలుకుతుంది. ధర ఉన్నచోట దొంగతనం ఉంటుంది కనుక, వేరే ఇంజను మీద పాత నెంబరు అరగదీసి కొత్తది కొట్టే ఘనులు అక్కడా తయారయ్యారు. వాళ్ళను పట్టుకునేవారు నెంబరు కన్నా ముందు దాని చుట్టూ ఉన్న లోహాన్ని చూస్తారు. ఫ్యాక్టరీ మిషను ఆ మెట్టును చెక్కినప్పుడు పడిన సన్నటి గీతలు ఉన్నాయా, లేక ఎమరీ పట్టి నున్నగా చేశారా అని.

ఇంగ్లండు బి.ఎం.సి. వారు బి సిరీస్ ఇంజను నెంబరును బ్లాకు కుడిపక్కన చిన్న రేకు మీద కొట్టి రివెట్లతో బిగించేవారు. అదే కుటుంబపు ఇంజను ఉన్న ఎం.జి.ఎ. కారులో ఆ నెంబరు ముందు '15 జి.బి., యు, హెచ్' వంటి గుర్తులుండేవి. 15 అంటే 1500 సి.సి. తరగతి, జి అంటే ఎం.జి., యు అంటే మధ్యలో గేరు రాడ్డు, హెచ్ అంటే ఎక్కువ కంప్రెషను. ఇంజను నెంబరే దాని పక్కన ఏ రకం గేరు ఉండాలో చెప్పేది. అయితే రేకు నెంబరుతో ఒక ప్రమాదం ఉంది. రివెట్లు తీసి రేకును ఇంకో బ్లాకుకు బిగించవచ్చు. నెంబరు కలిసిందంటే రేకు అసలుదని మాత్రమే రుజువు. దాని వెనక ఉన్న ఇనుము సంగతి వేరే చూసుకోవాలి.

అందుకే కొత్త పిల్లలకు నేను చెప్పేవాణ్ణి: పోత నెంబరు వేరు, పంచ్ నెంబరు వేరు. బ్లాకు పోసినప్పుడు ఇనుములో ఉబ్బుగా వచ్చేది పోత నెంబరు. అది ఆ రకం బ్లాకులన్నిటికీ ఒకటే. పంచ్ కొట్టింది ఆ ఒక్క ఇంజనుది. మొదటిది జాతి, రెండోది పేరు. రెండూ పొందాలి.

కారు ముందు

ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డులో కారు. హెడ్ గాస్కెటు పోయిందని మెకానిక్ అప్పటికే సిలిండర్ హెడ్ విప్పి పెట్టాడు, అది నా అదృష్టం. అరుగు మీద కుర్చీలో ఎనభై దాటిన పెద్దావిడ కూర్చుని ఉన్నారు. నన్ను తేరిపార చూసి, "బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు కదూ? ముసలివారయ్యారే!" అన్నారు. నాకు అనుమానం తీరిపోయింది. ఇది ఆ కారే.

ఆర్.సి. పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో 1968 నాటి పెట్రోలు ఇంజను నెంబరు. మూడో పేజీలో 1983లో డీజిల్ ఇంజను మార్చినట్టు ఎండార్స్‌మెంటు. దాని కింద నా సంతకం, ముప్పై అయిదేళ్ళ వయసులో చేసింది, పొగరుగా, పెద్దగా. ఇంకో పేజీలో 1996లో మళ్ళీ పెట్రోలుకు మార్చినట్టు మరో అధికారి సంతకం. ఇంజను నెంబరు మొదటి పేజీలోదే.

1980ల మొదట్లో డీజిల్ ధర పెట్రోలు కన్నా బాగా తక్కువ. ఆ ఇంటాయనది పొగాకు వ్యాపారం, రోజూ తిరుగుడు. ఏదో వ్యానునుంచి తీసిన డీజిల్ ఇంజను కొని పెట్టించారు. అప్పట్లో 1939 చట్టం 32వ సెక్షను, 1989 జులై నుంచి 1988 చట్టం 52వ సెక్షను. బండిలో ఇలాంటి మార్పు చేస్తే రిజిస్ట్రేషను అధికారికి చెప్పి పుస్తకంలో రాయించాలి. ఆయన నిజాయితీగా రాయించారు. పాత ఇంజనుకు గ్రీజు పట్టించి, గోనెలు చుట్టి ధాన్యపు గదిలో పెట్టారట. పదమూడేళ్ళ తర్వాత వ్యాపారం తగ్గించుకుని, డీజిల్ మోతకు విసిగి, మళ్ళీ పాతదే పెట్టించారు.

ఇప్పుడు ప్రశ్న ఇది. ఆ గోనెల్లోంచి బయటికొచ్చింది 1968 ఇంజనేనా, లేక వేరే బ్లాకుకు పాత నెంబరు తగిలించారా?

నెంబరు పెన్సిల్ ప్రింటు తీసి, 1968 కాగితాలతో పాటు ఇంట్లో దాచి ఉన్న పాత ప్రింటు పక్కన పెట్టాను. అంకెల వంపు, మధ్య ఎడం సరిపోయాయి. కాని దానితో తృప్తి పడకూడదని పైనే చెప్పాను. పెద్దావిడను పాత బిల్లులేమైనా ఉన్నాయా అని అడిగాను. ట్రంకుపెట్టె తెప్పించారు. ఆ పెద్దాయన పెట్రోలు చీటీలు కూడా పారేయని మనిషి. అందులో 1976 నాటి లేతు షాపు బిల్లు దొరికింది. నాలుగు సిలిండర్లు 40 థౌ ఓవర్‌సైజుకు బోరింగు, మూడో సిలిండరుకు మాత్రం స్లీవు. రింగు విరిగి ఆ ఒక్క సిలిండరు గీరుకుపోయిందట.

హెడ్ విప్పే ఉంది కదా. గుడ్డతో తుడిచి చూశాను. పిస్టన్ల నెత్తిన 40 అని ముద్ర. మూడో సిలిండరు అంచున వెంట్రుకంత సన్నటి గుండ్రటి గీత. అదే స్లీవు. మిగతా మూడింటికీ లేదు. నెంబరు రేకును ఎవరైనా మార్చగలరు గాని, మూడో సిలిండరుకే స్లీవున్న బ్లాకును ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ ఇంజను అసలుదేనని నాకు నమ్మకం కుదిరింది.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఈ ఇంజను పుట్టినప్పుడు బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. లెక్క కడితే 1489 సి.సి. 40 థౌ అంటే ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఇప్పుడు లెక్క కడితే 1531 సి.సి. వస్తుంది. పుస్తకంలో ఉన్న సి.సి. ఇనుములో లేదు. అయినా ఇంజను అసలుదే. మనిషికి వయసు మీద పడ్డట్టే ఇదీ. కార్లకోసం ఏళ్ళ తరబడి పేరు నమోదు చేసుకుని ఎదురుచూసిన ఆ రోజుల్లో బ్లాకును పారేసినవాడు లేడు. బోరు కొట్టించి, స్లీవు దింపి, మళ్ళీ బోరు కొట్టించి వాడుకున్నారు. మన లేమి వల్లనే చాలా అసలు ఇంజన్లు బతికిపోయాయి.

నేను రాయనిది

ఇక గేర్‌బాక్సు. చూడటానికి ఏ లోపమూ లేదు. నాలుగు గేర్లు, స్టీరింగు పక్కన రాడ్డు, అంతా 1968 పద్ధతే. కొడుకు ముఖం వెలిగింది. నేను ముందు సీటు తీయించి, కింద చాప ఎత్తమన్నాను.

గేర్‌బాక్సు మీది నేలరేకులో అరచేయంత అతుకు కనిపించింది. ఫ్యాక్టరీ అతుకులైతే రేకు మీద చిన్న గుంటల్లా వరుసగా ఉంటాయి. ఇది గ్యాసు వెల్డింగు, వానపాములా వంకర్లు పోయింది. కింద పడుకుని చూస్తే గేర్‌బాక్సు మౌంటింగు దగ్గర వాడకంలో లేని బోల్టు రంధ్రాలు రెండు. అర్థమైంది. 1983లో పెట్టిన డీజిల్ ఇంజనుతో దాని గేర్‌బాక్సు కూడా వచ్చింది. దాని గేరు రాడ్డు కిందనుంచి రావాలి కనుక నేల కోశారు. 1996లో పాత ఇంజను వెనక్కి వచ్చింది గాని పాత గేర్‌బాక్సు రాలేదు. దాన్ని అప్పటికే పాత ఇనుముకు వేసేశారని, విజయవాడ ఆటోనగర్‌లో ఇంకో అంబాసిడరు గేర్‌బాక్సు కొన్నారని పెద్దావిడే చెప్పారు. ఇంజనును దాచిన ఇల్లు గేర్‌బాక్సును ఎందుకు అమ్మింది? ఇంజనుకు పుస్తకంలో నెంబరుంది. గేర్‌బాక్సుకు లేదు. అంతే.

1983లో ఆ కోసిన నేలను నేను చూశాను. గ్యాసు కట్టరుతో కోసిన అంచులు నా చెప్పుకు గీరుకున్నాయి కూడా. అయినా రిపోర్టులో ఇంజను నెంబరు, ఇంధనం రెండే రాశాను. గేర్‌బాక్సు మారిందని, బాడీ రేకు కోశారని రాయలేదు. ఎవరూ రాయవద్దనలేదు. లంచమూ లేదు. గడి లేదు కనుక రాయలేదు. ఆ సాయంత్రం ఇంకా పదకొండు బండ్లు క్యూలో ఉన్నాయి. మన సర్వీసులో ఎన్ని నిజాలు ఇలా గడి లేక జారిపోయాయో!

కొడుకు నన్ను పక్కకు పిలిచి, "సార్, ఇంజను అసలుదే కదా. గేర్‌బాక్సు కూడా అదే రకం. ఈ అతుకు సంగతి రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. తప్పుడు మనిషేం కాదు. తండ్రి కారు మంచివాళ్ళ చేతికి, మంచి ధరకు వెళ్ళాలన్న తాపత్రయం. నేను జవాబు చెప్పేలోపే అరుగు మీంచి పెద్దావిడ అందుకున్నారు. "ఒరే, మీ నాన్న రాయించుకొచ్చిన బండిరా అది. ఉన్నది ఉన్నట్టు రాయనీ" అన్నారు.

రాశాను. ఇంజను 1968 నాటిదేనని, అందుకు ఆధారాలు ఇవీ అని. గేర్‌బాక్సు అదే నమూనాది గాని ఈ కారుతో పుట్టింది కాదని. నేలరేకు 1983లో కోశారని, 1996లో అతికారని. చివర ఒక వాక్యం చేర్చాను: "1983 తనిఖీలో ఈ కోత నా కంటపడినా నేను నమోదు చేయలేదు." ఆ అతుకు పెద్ద మార్పు కిందికి వస్తుందో రాదో తేల్చవలసింది కమిటీవారు. ధర ఎంత తగ్గించుకోవాలో కొనేవారి ఇష్టం. అది నా పని కాదు. వచ్చేటప్పుడు పెద్దావిడ మజ్జిగ ఇచ్చి, "ఆయనుంటే మీకు మళ్ళీ దణ్ణం పెట్టేవారు" అన్నారు. ఆ దణ్ణానికి 1983లో నేను పూర్తిగా తగినవాణ్ణి కానని నాకొక్కడికే తెలుసు.

మిత్రులకు ఒక మనవి

మీ ఇళ్ళల్లోగాని, బంధువుల ఇళ్ళల్లోగాని పాత కారో, స్కూటరో ఉంటే పాత బిల్లులు పారేయకండి. లేతు షాపు చీటీ, పెన్సిల్ ప్రింటు, స్పేరు పార్టుల రసీదు, ఒక్కోటి ఒక్కో సాక్షి. కొనేవాళ్ళకు చెప్పండి: ముందు ఇనుము చూడండి, తర్వాత కాగితం చూడండి, ఆ తర్వాత రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టండి. నెంబరు కలిసిందని అక్కడే ఆగిపోవద్దు. చాప ఎత్తి నేల చూడండి.

ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకు ఒక్క మాట. ఫారంలో గడి లేకపోతే మార్జినులో రాయండి. నలభై ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు దానికోసం వెతుక్కుంటారు. అది మీరే కావచ్చు.